సద్దుమణిగిన బడి

ఆ ఏడు నాట్లు మొదలైన వారంలోనే మా బడి నోరు మూసుకుంది.

మా పొలానికీ బడికీ మధ్య ఒక మట్టిగోడే అడ్డం. గోడ అవతల పిల్లలందరూ ఒక్క గొంతుతో పాఠం వల్లిస్తుంటే ఇవతల మేం నడుం వంచి నారు నాటేవాళ్ళం. ఎక్కాలు వినిపిస్తే పొద్దు ఇంకా ఎక్కలేదని, పాటలు వినిపిస్తే తిండివేళ దగ్గరపడిందని లెక్క. బడి ఎంత గట్టిగా మోగితే చదువు అంత గట్టిగా సాగుతున్నట్టని ఊరందరి నమ్మకం. ఆ మోతలో అందరికంటే ముందు లేచే గొంతు మా అమ్మాయిది. నాలుగో తరగతి. ఊళ్ళో దాన్ని పేరు పెట్టి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, "మైకు" అనేవాళ్ళు. అది ఒక పదం అందుకుంటే మిగతా పిల్లలంతా దాని వెనకాల గుంపుగా పడేవాళ్ళు.

ఆ రోజు పొద్దెక్కినా గోడ అవతల అలికిడి లేదు. ఒకరి తర్వాత ఒకరం బురదలోంచి తలెత్తి చూశాం. పిల్లల్ని ఎక్కడికైనా తీసుకుపోయారేమో అంది నా భార్య. పిల్లలు ఎక్కడికీ పోలేదు. కొత్త టీచరమ్మ వచ్చింది, అంతే.

మామూలు ఏడైతే నాలుగు రోజులు చెప్పుకుని మరిచిపోయేవాళ్ళం. ఆ ఏడు మామూలు ఏడు కాదు. పిల్లలు తగ్గిపోయారు కాబట్టి పెద్దరోడ్డుకి ఇటున్న మా బడి, అటున్న పక్కవూరి బడి, రెండింట్లో ఒక్కటే ఉంచుతామని ఆఫీసు నుంచి మాట వచ్చింది. కోతలప్పుడు ఆఫీసరు వస్తాడు. ఒక్కో పిల్లని విడిగా నిలబెట్టి, ఎప్పుడూ చూడని పేజీ చదివిస్తాడు. ఎక్కడి పిల్లలు చదివితే ఆ బడి నిలుస్తుంది. రెండోది దాంట్లో కలిసిపోతుంది.

నా భార్య ఆ మాట విన్నప్పుడే తేల్చేసింది. "ఆ రోడ్డు దాటించి నా పిల్లని పంపను. ఇంట్లోనే ఉంటుంది."

ఆ రోడ్డు సంగతి అందరికీ తెలుసు. అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు, మధ్యలో సన్నని దిమ్మె. మనిషిని చూసి లారీ ఆగదు, హారను కొడుతుంది, తప్పుకోవడం మన పని. కిందటేడు మా దూడ దాని మీదే పోయింది. నా భార్య ఒకసారి అన్నదంటే అన్నదే. అంటే బడి పోయిన రోజున మా అమ్మాయి చదువు కూడా పోయినట్టే. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

బడి కమిటీకి పెద్దని నేను. నేను మాట్లాడనని తెలుసు కాబట్టే పెట్టారు, దేనికీ అడ్డం రాడని. సాయంత్రం సైకిలు షాపు దగ్గర ఆగితే షాపు బావ పంక్చరు వేస్తూ తల కూడా ఎత్తలేదు.

"ఏం బావా, బడికి జలుబు చేసిందా? గొంతు పోయినట్టుందే."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. కొత్తావిడ పిల్లల్ని నిద్రపుచ్చుతోందని ఒకడు, ఆవిడకే పాఠాలు రావేమోనని ఇంకొకడు. రోడ్డవతల బడి లారీల మోతని కూడా మించి వినిపిస్తోందని, మనది గెలవడం కల్ల అని తీర్మానం చేశారు. కమిటీ పెద్దవి కదా, పోయి చూసి రమ్మన్నారు.

మర్నాడు బురదకాళ్ళతోనే పోయి కిటికీ దగ్గర నిలబడ్డాను.

పిల్లలు వరసల్లో లేరు. ఒకడు మూలకి తిరిగి కూర్చున్నాడు, ఇద్దరు వరండాలో స్తంభానికి చెరోవైపు ఆనుకున్నారు, ఒక పిల్ల బల్ల కిందికి దూరింది. అందరి చేతుల్లోనూ ఏవేవో కాగితాలు. సబ్బు పెట్టె అట్ట, మందు సీసా చీటీ, బస్సు టికెట్టు, విత్తనాల సంచి ముక్క. ఇంట్లో అక్షరాలున్నది ఏది దొరికితే అది తెమ్మందట. ఎవరికి వాళ్ళే గొణుక్కుంటున్నారు. తేనెపట్టు దగ్గర నిలబడినట్టుంది. బయటికి వినపడే చప్పుడు కాదు.

టీచరమ్మ చాప మీద కూర్చుని మా అమ్మాయిని పిలిచింది. తాబేలు పాఠం తెరిచి నడిమధ్య ఒక పదం మీద వేలు పెట్టింది. ఇది ఏంటో చెప్పు.

మా అమ్మాయి పుస్తకం వైపు చూడలేదు. పైకప్పు వైపు చూసింది. పెదవులు గబగబా కదిలాయి, వేళ్ళు ఒకటొకటే ముడుచుకున్నాయి. పాఠం మొదటినుంచీ లోపల్లోపల పరిగెత్తి, ఆ వరస దగ్గరికొచ్చి ఆగింది.

"ఒడ్డుకు" అంది.

సరిగ్గానే చెప్పింది. టీచరమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. ఇంకో పదం చూపించింది. మళ్ళీ పైకప్పు, మళ్ళీ వేళ్ళు. మళ్ళీ సరైనదే. అప్పుడావిడ పుస్తకం చివరికి తిప్పి, ఇంకా ఎవరూ చెప్పని పాఠం తెరిచి మొదటి పదం మీద వేలు పెట్టింది.

మా అమ్మాయి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. వెనక్కి తిరిగి మిగతా పిల్లల్ని చూసింది, ఎవరైనా అందుకుంటారేమోనని. ఎవరి గొణుగుడు వాళ్ళది. అటునుంచి కిటికీ వైపు తిరిగింది. అక్కడ నేనున్నాను.

టీచరమ్మ వరండాలోకి వచ్చి నాతో రెండు మాటలు మాట్లాడింది. పాప జ్ఞాపకశక్తి అసాధారణమని, అదే దానికి అడ్డం పడిందని చెప్పింది. పిల్లల్లో సగానికి పైగా ఇంతేనట. పాఠం వస్తుంది, చదవడం రాదు. ప్రతి పిల్లా రోజూ ఒంటరిగా ఎవరికో ఒకరికి చదివి వినిపించాలంది. "అయిదు తరగతులండీ. నాకున్నవి రెండు చెవులే" అంది.

ఆవిడ చెప్పింది నాకు కొత్త కాదు. నేనూ ఆ గోడ అవతలే చదువుకున్నాను. అందరితోపాటు పెదవులు కదిపాను. అక్షరాలు నాకు పట్టుబడ్డది మీసాలొచ్చాక, ఎరువు బస్తాల మీదా బస్సు బోర్డుల మీదా.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ గుంపు చదువు మా బడికి పెట్టింది మా నాన్న. ఉద్యోగమంతా అక్కడే చేశాడు. ఊళ్ళో సగంమంది ఆయన దగ్గర గొంతు చించుకున్నవాళ్ళే. ఇప్పుడు చూపు మందగించింది కానీ ఇప్పటికీ అందరికీ పెద్దమాస్టారే. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుంటే మా అమ్మాయి పేపరు చదివి వినిపిస్తుంది. పనినుంచి వచ్చేవాళ్ళు కూడా ఆగి వింటారు.

ఆ సాయంత్రం అది మామూలుకంటే గట్టిగా చదివింది. ఎగువన వానలు బాగా పడుతున్నాయనీ, కాలవకి రేపో మాపో నీళ్ళు వదులుతారనీ, ధర పెరగొచ్చనీ. నాన్న తలాడిస్తున్నాడు. సైకిలు షాపు బావ కూడా అక్కడే ఉన్నాడు. నేను వెనకాల కూర్చుని పారకి కొత్త పిడి బిగిస్తున్నాను. దాని భుజం మీదుగా పేజీ కనిపిస్తోంది.

"విన్నావా?" అన్నాడు నాన్న నావైపు తిరిగి. "ఇలాంటి పిల్లకి చదవడం రాదందట ఆవిడ. నా చేతుల మీదుగా నడిచిన బడిని మూగదాన్ని చేసింది. రేపే ఆఫీసుకి పోయి చెప్పు, ఈ మనిషి మాకు వద్దని. కమిటీ పెద్దవి నువ్వు చెబితే వింటారు."

"చెప్పాల్సిందే మాస్టారూ" అన్నాడు బావ.

అందరూ నా వైపు చూశారు. నేను పిడి బిగించడం పూర్తిచేశాను.

"ఆ కాగితంలో వాన మాట లేదు నాన్నా."

"మరేముంది?"

"చెప్పులు."

పేజీ నిండా చెప్పుల కొట్టు ప్రకటనే. జతల బొమ్మలు కూడా ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు. బావ లేచి, షాపు తెరిచి పెట్టి వచ్చానంటూ వెళ్ళిపోయాడు. మా అమ్మాయి పేపరుని మడతమీద మడత పెట్టి, అరచేత్తో అదిమి, తాతయ్య పక్కన పెట్టి లోపలికి పోయింది. ఏడవలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది.

లోపలికి వెళితే నా భార్య పొయ్యి దగ్గర నుంచే అడిగింది. "అందరిముందూ అనాలా?"

వారాల తరబడి నడుస్తూనే ఉన్నాను, గట్టు మీద అటూ ఇటూ, పనున్నా లేకపోయినా. ఆఫీసుకి మాత్రం పోలేదు.

పేపరు సంగతి జరిగిన మర్నాడే నాన్న చేతికర్ర తీసుకుని బడికి పోయాడు. గొడవ పెట్టుకుంటాడనే అనుకున్నాం. టీచరమ్మ ఆయనకి కుర్చీ వేసి, మీరే ఒక పాఠం చెప్పండి మాస్టారూ అందట. గోడ ఇవతల మాకు వినిపించింది. పాత మోత. పిల్లలు ఆకలి తీరా అరిచారు. నాట్లు వేసే ఆడవాళ్ళు నవ్వుతూ ఒకర్నొకరు చూసుకున్నారు. తర్వాత మోత ఆగింది. ఇప్పుడు ఒక్కొక్కరి చేత ఒక్కో వరస అనిపించండి అని అడిగిందట ఆవిడ. అక్కణ్ణుంచి మాకేమీ వినపడలేదు.

తిండివేళ దాటాక వచ్చాడు. కర్ర మూల పెట్టబోయి కింద పడేశాడు, తీయలేదు. నా భార్య పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని, "నా దగ్గర చదివి ఎంతమంది పోయారో అలాగే" అన్నాడు. ఎవరితోనో కాదు, చేతులు తుడుచుకుంటూ గోడతో అన్నట్టు. మర్నాడు మళ్ళీ బడికి పోయాడు, తెరిచే వేళకి.

టీచరమ్మ అడిగింది ఒకటే. వినేవాళ్ళు కావాలి. చదువొచ్చినవాళ్ళు అక్కర్లేదు. పిల్ల తడబడితే పదం అందించకుండా ఊరుకోగలిగినవాళ్ళు కావాలి. ఇది ఎంత కష్టమైన పనో ఊరికి అప్పుడు తెలిసింది. సైకిలు షాపు బావ ఉత్సాహంగా వచ్చాడు. పిల్లాడు "గ" అనేలోపు "గంగాళం" అన్నాడు. అక్కడున్నది గడియారం. పూట తిరిగేసరికి ఆవిడ నమస్కారం పెట్టి పంపేసింది. "తప్పు చెప్పానని పంపలేదు బావా, చెప్పానని పంపింది" అని నాతో బాధపడ్డాడు. టైలరు మాత్రం మొదటి రోజు నుంచే కుదిరిపోయాడు. పనిచేసేటప్పుడు ఆయన నోటినిండా గుండుసూదులు. ఇద్దరు పిల్లలు మిషను పక్కన కూర్చుని కొలతల చీటీలు చదివేవాళ్ళు, ఆయన తల ఊపేవాడు. గొర్రెల కాపరి ఒకరిని, పిండిమిల్లు ముసలమ్మ ఒకరిని తీసుకున్నారు. మిల్లు ఆగినప్పుడు చదవాలని షరతు.

అందరికంటే కష్టపడ్డది నాన్న. పిల్ల కాస్త ఆగితే చాలు, పదం ఆయన నోట్లోంచి జారిపడేది. మీరు ఇచ్చేస్తున్నారు మాస్టారూ, అని టీచరమ్మ మెల్లగా అనేది. ఆయన తలవంచుకునేవాడు. ఒక జీవితమంతా పదాలు అందించిన మనిషి. చివరికి పిప్పరమెంటు బిళ్ళ బుగ్గన పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పిల్ల తడబడినప్పుడల్లా బిళ్ళని అటునుంచి ఇటు తిప్పేవాడు. మా భోజనాల దగ్గర కూడా ఆయన నోరు పిప్పరమెంటు వాసన.

మాట్లాడని మనిషి ఎవరింట్లో ఉన్నారని టీచరమ్మ క్లాసులో అడిగిందట. పిల్లలందరూ మా అమ్మాయి వైపు చూశారు. అలా దాని చదువు వినే పని నాకు పడింది.

బడి వదలగానే పొలానికి వచ్చేది. నా మొహం చూడకుండా పంపుసెట్టు షెడ్డు ముందు రాయి మీద కూర్చునేది. బడి పుస్తకం తెచ్చేది కాదు. అందులో ఏది చదివినా తనకి ముందే తెలుసని దానికీ తెలుసు. షెడ్డులో మేకుకి వేలాడే ఇంజను పుస్తకం తీసింది. నూనె మరకలు పడి, అట్ట ఊడిపోయినది. దాన్ని లోకంలో ఎవరూ పాడి ఉండరు. నాతో మాట్లాడదు, కానీ నాకు చదువుతుంది. రోజూ అంతే. ఒక వరస చదవడానికి నేను ఒక మడికి నీళ్ళు పెట్టి వచ్చేంత సేపు పట్టేది. ఒకరోజు కోపమొచ్చి పుస్తకాన్ని కాలవలోకి విసిరింది. నేను తీసి ఎండకి పెట్టాను. మర్నాడు ఉబ్బిపోయిన పేజీలు విడదీసుకుంటూ మళ్ళీ చదివింది.

చేను పొట్ట మీదికొచ్చి కంకి తీయబోతున్నప్పుడు ఒకసారి, నీళ్ళు పెట్టి గట్టు తెగకుండా చూసుకుంటున్నాను. అది చదువుతోంది. "ఇంజను... ఇంజను ఉ..." అక్కడ ఆగింది. వేలు పెట్టింది. వేలు తీసింది. నేను దాని ఎదురుగా నిలబడి ఉన్నాను. దాని వెనకాల గట్టుకి ఒక చోట కన్నం పడి నీళ్ళు పక్క చేలోకి దారి తీయడం కనిపిస్తోంది. పార నా చేతిలోనే ఉంది. కదిలితే అది పుస్తకం మూసేస్తుంది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఉష్..." అంది. నీళ్ళు కన్నాన్ని వెడల్పు చేసుకున్నాయి. దూరం నుంచి నా భార్య కేక వేస్తోంది, గట్టు, గట్టు అని. నా అరికాళ్ళు దురదపెట్టినట్టయ్యాయి.

"ఉష్ణో..." మట్టిపెళ్ళ ఒకటి విరిగి పడింది. మా అమ్మాయి వినలేదు. కళ్ళు పైకి పోలేదు. వేళ్ళు ముడుచుకోలేదు. కాగితాన్ని రంధ్రం పడేటట్టు చూస్తోంది.

"ఉష్ణోగ్రత. ఇంజను ఉష్ణోగ్రత పెరిగినప్పుడు మూత తీయరాదు." తలెత్తి నన్ను చూసింది. "ఉష్ణోగ్రత అంటే ఏంటి?"

"వేడి."

"వేడి అనొచ్చుగా?"

"అనొచ్చు."

అప్పుడు పరిగెత్తాను. గట్టు సగం పోయింది. నా భార్య వచ్చి పక్కన నిలబడి, చెవుడొచ్చిందా నీకు, కళ్ళు కూడా పోయాయా అని తిడుతూ మట్టి అందించింది. మా అమ్మాయి కూడా దిగి దోసిళ్ళతో వేసింది. ముగ్గురం తడిసిపోయాం. ఆ రాత్రి తిండి దగ్గర అది నన్ను ఉప్పు అడిగింది.

కోతలు దగ్గరపడ్డాయి. ఊళ్ళో ఎవరికీ ఒకచోట కాలు నిలవలేదు. రోడ్డవతల బడి ఇంకా గట్టిగా మోగుతోంది. అటు గాలి వీచిన రోజుల్లో ఎక్కాలు మా చేలల్లోకి వచ్చేవి. మా పిల్లలు గొణుగుతూ, ఆగుతూ, వెనక్కి పోతూ. పోల్చుకోకుండా ఉండలేకపోయాం. నా భార్య సంత నుంచి రెండు మేకపిల్లల్ని తోలుకొచ్చి పెరట్లో కట్టింది. ఎందుకని నేను అడగలేదు. మా అమ్మాయీ అడగలేదు. వాటికి ఆకు వేసి, పుస్తకం తీసుకుని బయటికి పోయింది.

ఆఫీసరు వచ్చే ముందురోజు సైకిలు షాపు బావ నలుగురిని వెంటబెట్టుకుని అరుగు దగ్గరికి వచ్చాడు.

"ఒక్క రోజు మాస్టారూ. ఆయన రాగానే మీరు ముందు నిలబడి ఒక్కసారి మోగించండి. వచ్చిన మనిషి దిమ్మతిరిగి పోవాలి. మీరు అందిస్తే పిల్లలు మరిచిపోయి ఉండరు. ఇన్నేళ్ళూ అందరు ఆఫీసర్లూ అలాగే మెచ్చుకుని పోయారు కదా."

టీచరమ్మ మంచిదే కానీ పసిది, ఊరు తెలియదని మిగతావాళ్ళు అన్నారు. బడి పోతే నష్టం మనకి, ఆవిడకి ఇంకో ఊరు దొరుకుతుందన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. నాన్న బిళ్ళని బుగ్గ మార్చాడు. నేను స్తంభం దగ్గర నిలబడ్డాను. గుమ్మంలో నా భార్య ఉంది. ఆవిడ మొహం చూస్తే, ఆయన సరే అంటే బాగుండునని ఉంది. నాకూ లేదని చెప్పలేను.

"ఆ పాఠాలు నేను మరిచిపోయానర్రా" అన్నాడు నాన్న.

నిద్రలో లేపి అడిగినా ఆయన అన్ని పాఠాలూ అప్పజెబుతాడని ప్రతివాడికీ తెలుసు. ఒక్కొక్కరే లేచారు. వాళ్ళు వెళ్ళాక నాన్న నా వైపు చూడకుండా, "భయంగానే ఉందిరా" అన్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. అంతకంటే చేయగలిగింది లేదు.

ఆఫీసరు చిన్నవయసువాడు. రోడ్డవతల బడి చూసుకుని వచ్చాడు. కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగాడు. సంచిలోంచి తన పుస్తకం తీసి, ఎక్కడ పడితే అక్కడ తెరిచి, ఒక్కొక్కరినీ పిలిచాడు. కొందరు చదివారు. కొందరు సగంలో ఆగిపోయారు. ఒక పిల్లాడు అసలు నోరే తెరవలేదు. టైలరు మిషను ఆపుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. బావ కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకున్నాడు. నాన్నకి బల్ల చివర చోటిచ్చారు. నా భార్య కొడవలితోనే వచ్చింది, గేటు దాటి లోపలికి రాలేదు.

మా అమ్మాయిని పిలిచారు. సముద్రం గురించి పేజీ. మేమెవరమూ సముద్రం చూసినవాళ్ళం కాదు. మొదటి వరస నెమ్మదిగా చదివింది. రెండో వరస కొంచెం నయం. మూడో వరసలో ఓడలు రాత్రిపూట దేన్ని చూసి దారి తెలుసుకుంటాయో అక్కడ ఆగింది.

ఆగిపోయింది. వేలు పదం మీద ఉంది. చాలాసేపు ఉంది. దూరంగా ఎవరి చేలోనో కోతమిషను తిరుగుతోంది. బావ దవడలు కదులుతున్నాయి, మాట మాత్రం మింగేశాడు. నాన్న రెండు చేతులూ కర్ర మీద బిగిసిపోయాయి. ఆయనకి కనబడదు పేజీ, కానీ వరస విన్నాడు కదా, ఆ పదం ఏమై ఉంటుందో ఆయన నాలిక చివరే ఉంది. నేను నేల వైపు చూశాను.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. జాలిపడినట్టున్నాడు. "దీ..." అని అందించబోయాడు.

మా అమ్మాయి ఎడమచెయ్యి పైకెత్తింది, అరచెయ్యి ఆయన వైపు. కళ్ళు పేజీ మీద నుంచి తీయలేదు.

"చెప్పకండి సార్. నేనే చెప్తాను."

ఆయన వెనక్కి వాలాడు. అది మొదట తప్పు చదివింది. తనే తల అడ్డంగా ఊపి వెనక్కి పోయింది. దీప, అంది. ఆగింది. దీపస్తంభం, అంది. ఆ పదాన్ని ఇంకోసారి మామూలుగా అనుకుని వరస పూర్తిచేసింది. ఆఫీసరు ఏదో రాసుకుని తర్వాతి పిల్లాణ్ణి పిలిచాడు.

నేను గేటు వైపు చూశాను. నా భార్య అప్పటికే చేనికి తిరిగి పోతోంది, చాలా వేగంగా.

ధాన్యం ఇళ్ళకి చేరాక కబురొచ్చింది. మా బడి ఉంటుంది. రోడ్డవతల పిల్లలు గుంపుగా బ్రహ్మాండంగా చెప్పారట. విడిగా నిలబెడితే ముగ్గురో నలుగురో తప్ప మిగతావాళ్ళు వెనక్కి తిరిగి చూశారట. ఆ బడి మూసేసి పిల్లల్ని మా దగ్గరికి పంపుతారు. సైకిలు షాపు దగ్గర అందరికీ టీలు. తన నోరు తను పట్టుకోబట్టే గెలిచామని బావ వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. నాన్న రోజంతా అరుగు దిగలేదు. "అక్కడి మాస్టారు నా దగ్గరే చదువుకున్నాడు" అన్నాడు ఒకసారి. మా అమ్మాయి ఇంట్లో గెంతింది, మేకల చుట్టూ పరిగెత్తింది. నా భార్య మాత్రం గింజలు ఎత్తిపోస్తూ ఎత్తిపోస్తూ ఆగిపోయింది.

"అయితే వాళ్ళు దాటాలి" అంది.

ఆ పిల్లలు మొదటిసారి రావలసిన పొద్దున ఆమె పనికి పోలేదు. చెప్పులు వేసుకుని పెద్దరోడ్డు వైపు నడిచింది. నేనూ వెనకాల వెళ్ళాను. ఎందుకొస్తున్నావని అడగలేదు.

అటువైపు అంచున ఆడవాళ్ళు, పిల్లలు, సంచులు. మధ్యలో లారీల వరస తెగడం లేదు. మంచులోంచి ఒక్కసారిగా పుట్టుకొచ్చినట్టు వస్తున్నాయి. నా భార్య సందు చూసుకుని దిమ్మె దాకా, అక్కణ్ణుంచి అటు అంచు దాకా దాటింది. నేను దిమ్మె మీద ఆగాను. అక్కడికి మాటలు తెగి తెగి వినిపిస్తున్నాయి.

ఒకావిడ తన కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుని వెనక్కి వెనక్కి జరుగుతోంది. పిల్ల మా అమ్మాయి ఈడుదే.

"నేను పంపనండీ. ఇంట్లోనే ఉంటుంది."

"నేనూ ఆ మాటే అన్నాను వదినా" అంది నా భార్య.

"మీకేం, బడి మీ దగ్గరే ఉంది."

ఒక లారీ పోయింది, ఇంకోటి పోయింది. ఇద్దరి బట్టలూ గాలికి కొట్టుకున్నాయి. తర్వాత నా భార్య పిల్ల రెండో చెయ్యి పట్టుకుంది.

"పొద్దునా సాయంత్రం నేనే వస్తాను. కోతలున్నా, నాట్లున్నా."

"రోజూనా?"

"రోజూ."

ఆ తల్లి చెయ్యి వదల్లేదు. చెరోవైపు పట్టుకుని ముగ్గురూ అంచుకి వచ్చారు. మిగతా పిల్లలు వాళ్ళ వెనకాల ఒకరి సంచి ఒకరు పట్టుకున్నారు. నేను దిమ్మె దిగి రోడ్డు మీదికి వచ్చి, ముందొస్తున్న లారీకి ఎదురుగా చెయ్యెత్తి నిలబడ్డాను. హారను కొట్టాడు. కొడుతూనే దగ్గరికొచ్చాడు. నా వెనకాల పిల్లల అడుగులు వినిపిస్తున్నాయి, పరిగెత్తడం లేదు, నడుస్తున్నారు. నేను చెయ్యి దించలేదు.